టెంటులో సీప్యాప్ నడవాలంటే అంత పెద్ద బ్యాటరీ కావాలా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు, మల్కాజిగిరిలో ఉంటాం. నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ ఆప్నియాకు మూడేళ్లుగా సీప్యాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే) మెషీన్ వాడుతున్నాను. ఎయిర్‌సెన్స్ 10 మోడల్, ప్రెషర్ 9. డిసెంబరులో మా వాకింగ్ బ్యాచ్ అంతా సోమశిల వెళ్లి, కృష్ణ ఒడ్డున రెండు రాత్రులు టెంట్లలో ఉందామని అనుకుంటున్నాం. అక్కడ కరెంటు ఉండదు. మెషీన్ లేకుండా నేను పడుకుంటే పక్క టెంట్లలో ఎవరికీ నిద్ర ఉండదని మా ఆవిడ ఇప్పట్నుంచే భయపడుతోంది. మా బావమరిది చిన్న జనరేటర్ తెస్తానంటున్నాడు. మా అబ్బాయి కంప్యూటర్ యూపీఎస్ పట్టుకెళ్లమంటున్నాడు. సికింద్రాబాద్‌లో ఒక షాపులో అడిగితే 1000 వాట్ అవర్ల పవర్ స్టేషన్ (సాకెట్లు ఉన్న పెద్ద బ్యాటరీ డబ్బా) తప్ప లాభం లేదన్నారు. రేటు విని కళ్లు తిరిగినా 2 వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. శబ్దం లేకుండా, చేత్తో మోసుకెళ్లేలా వేరే దారి ఏమైనా ఉందా? లేక ఇంట్లో ఉండిపోవడమే మంచిదా?

సమాధానం: నిక్షేపంగా వెళ్లిరండి. ఆ పెద్ద డబ్బా మాత్రం వద్దు.

షాపులో ఏం జరిగి ఉంటుందో చెప్తాను. మీ మెషీన్ అడాప్టర్ తిప్పి చూస్తే దాని మీద 24 వోల్టులు, 3.75 ఆంపియర్లు, 90 వాట్లు అని ఉంటుంది. అతను 90ని 8 గంటలతో గుణించాడు, 720 వచ్చింది. దాని మీద కాస్త చేర్చి 1000 చెప్పాడు. లెక్క తప్పు కాదు, మొదలుపెట్టిన చోటే తప్పు. 90 అనేది ఆ అడాప్టర్ ఇవ్వగలిగిన గరిష్ఠం. బండి మీటరు మీద 160 దాకా అంకెలు ఉన్నంత మాత్రాన మనం రోజూ ఆ స్పీడులో పోతామా? మెషీన్ అంతా కలిపి అసలెంత తాగుతోందో ఎవరూ కొలవలేదు.

ఆ మెషీన్ లోపల ఉన్నది ప్రధానంగా ఒక చిన్న గాలి మోటారు. సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు 1981లో ఈ చికిత్స గురించి ప్రచురించిన రోజుల్లో వాక్యూమ్ క్లీనర్ మోటార్లతో గాలి పంపేవారు. ఆ హోరులో రోగి ఎలా పడుకున్నాడో పాపం! ఇప్పటి మోటారు అరచేతిలో పట్టేంతే ఉంటుంది, శబ్దం 27 డెసిబుల్స్ దగ్గర ఆగిపోతుంది. మీ ప్రెషర్‌కి అది సగటున 8 నుంచి 12 వాట్లకు మించి తీసుకోదు. ఒక ఎల్‌ఈడీ బల్బు తినే కరెంటు అది. రాత్రంతా కలిపి 80, 90 వాట్ అవర్లు. కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే యూనిట్‌లో పదో వంతు కూడా లేదు.

మరి మిగతాది ఎవరు తింటున్నారు? నీళ్లు. మెషీన్ పక్కన గాలికి తేమ పట్టించే నీళ్ల డబ్బా, అంటే హ్యుమిడిఫైయర్, కింద ఒక హీటర్ ప్లేటు ఉంటుంది. మీది వేడి ట్యూబ్ అయితే దాని చుట్టూ ఇంకో హీటర్ తీగ ఉంటుంది. ఈ రెండూ ఆన్‌లో ఉంటే మెషీన్ 30 నుంచి 50 వాట్ల దాకా లాగుతుంది. నది ఒడ్డున, డిసెంబరు చలిలో, టెంటులో అయితే హీటర్ ఇంకా ఎక్కువసేపు పనిచేయాలి. రాత్రికి 300 వాట్ అవర్లు అలవోకగా దాటిపోతుంది. అంటే శ్వాసకు కావలసిన కరెంటు కొంచెమే, దానికి మూడు నాలుగు రెట్లు నీళ్లు వేడి చేయడానికి పోతోంది. హ్యుమిడిఫైయర్ ఆపేస్తే మీ సమస్య షాపతను చెప్పిన దాంట్లో మూడో వంతుకు వచ్చేస్తుంది. 300 వాట్ అవర్ల చిన్న డబ్బా రెండు రాత్రులకు సరిపోతుంది. హ్యుమిడిఫైయర్ వేసి నడిపితే అదే డబ్బా ఒక్క రాత్రి కూడా గట్టెక్కదు.

ఇక రెండో దొంగ ఇన్వర్టర్. ఇది చాలామంది గమనించరు. పవర్ స్టేషన్ కొనగానే అందరూ చేసే పని, దాని మీదున్న మూడు పిన్నుల సాకెట్‌లో ఇంట్లో వాడే అడాప్టర్ గుచ్చడం. లోపల జరిగేది చూడండి. బ్యాటరీలో ఉన్నది డీసీ. దాన్ని ఇన్వర్టర్ 230 వోల్టుల ఏసీగా మారుస్తుంది. ఆ ఏసీని మీ అడాప్టర్ మళ్లీ 24 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఈ రెండు మార్పిళ్లలోనూ కరెంటు వేడిగా పోతుంది. అంతకంటే ముఖ్యంగా, ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఊరికే కూర్చోవడానికే 5 నుంచి 10 వాట్లు తింటుంది. మీ మెషీన్ తినేది 10, దాన్ని నడిపించే ఇన్వర్టర్ తినేది ఇంకో 10! పైగా ఏసీ ఆన్ చేస్తే చాలా డబ్బాల్లో లోపలి ఫ్యాను ఉండుండి గుయ్యిమంటుంది. మీరు శబ్దం లేకుండా అన్నారు కదా, శబ్దం వచ్చేది సరిగ్గా అక్కడి నుంచే.

అందుకే ఏసీ సాకెట్ జోలికి పోకండి. కారులో సిగరెట్ లైటర్ సాకెట్ ఉంటుంది చూశారా, పవర్ స్టేషన్లలోనూ అలాంటి 12 వోల్టుల సాకెట్ ఒకటి ఉంటుంది. మీ మెషీన్ కంపెనీ ఆ సాకెట్ కోసమే ఒక డీసీ కన్వర్టర్ అమ్ముతుంది. 12 వోల్టులు తీసుకుని మెషీన్‌కి 24 ఇస్తుంది. దాంట్లో పోయే కరెంటు తక్కువ, ఫ్యాను తిరగాల్సిన అవసరం దాదాపు రాదు, టెంటులో తల పక్కన పెట్టుకున్నా చప్పుడుండదు. ఇక్కడ ఒక జాగ్రత్త. మీ వాకింగ్ బ్యాచ్‌లో ఇంకెవరి దగ్గరైనా సీప్యాప్ కేబుల్ ఉంటే, పిన్ను సరిపోతోంది కదా అని పెట్టేయకండి. ఎయిర్‌సెన్స్ 10 కేబుల్ ఎయిర్‌సెన్స్ 11కి పట్టదు. డ్రీమ్‌స్టేషన్ లాంటి వేరే కంపెనీ మెషీన్ అసలు 12 వోల్టులదే, మీది 24. ఎవరిది వాళ్లకే.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదవండి. చాలా పవర్ స్టేషన్లలో కరెంటు ఆదా కోసం ఆటో ఆఫ్ ఉంటుంది. లోడు మరీ తక్కువగా ఉందని దానికి అనిపిస్తే కొన్ని గంటల తర్వాత అవుట్‌పుట్ తనంతట తానే ఆపేస్తుంది. హీటర్లు ఆపిన సీప్యాప్ తీసుకునేదే తక్కువ కాబట్టి, ఈ డబ్బా దృష్టిలో అక్కడ ఏమీ నడవడం లేదన్నట్టే. బ్యాటరీ 80 శాతం ఉండగానే రాత్రి ఒంటిగంటకి మెషీన్ ఆగిపోతుంది. పొద్దున్నే బ్యాటరీ చెడిపోయిందనుకుంటారు. కొనేటప్పుడే ఆ ఆటో ఆఫ్‌ని పూర్తిగా తీసేసే వీలుందో లేదో షాపులోనే ఆన్ చేయించి చూడండి. తీసేయడానికి కుదరకపోతే ఆ డబ్బా మనకు పనికిరాదు, ఎంత చవకైనా సరే.

మీ బావమరిది జనరేటర్‌కి పెద్ద నమస్కారం చెప్పండి. ఎంత చిన్నదైనా నది ఒడ్డున నిశ్శబ్దంలో అది తెల్లవార్లూ మోగుతుంటే మీ గురకే నయం అంటారు జనం. శబ్దం కోసం టెంట్ల వెనక దాచిపెడితే ఇంకా ప్రమాదం. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాడికి ఆ సంగతే తెలియదు. ఊపిరి కోసం మెషీన్ పెట్టుకున్న మనిషి, చుట్టూ ఉన్న గాలినే మెషీన్ లాక్కుని ముక్కులోకి పంపుతున్నప్పుడు, దగ్గర్లో పెట్రోలు ఇంజన్ నడపడం ఏ రకంగానూ సబబు కాదు.

మీ అబ్బాయి చెప్పిన కంప్యూటర్ యూపీఎస్ లోపల సాధారణంగా ఉండేది 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. కాగితం మీద 84 వాట్ అవర్లు, దాంట్లో చాలా భాగం దాని సొంత ఇన్వర్టరే తినేస్తుంది. రెండు మూడు గంటలు వస్తే గొప్పే. అదీకాక కరెంటు లేనంతసేపూ కీ కీ మంటూ అరుస్తూనే ఉంటుంది. కాసేపటికి ఎవరో లేచి నదిలో పడేస్తారు. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి ఎవరైనా ఎత్తితే, 150 ఆంపియర్ అవర్లది 50 కిలోల పైనే ఉంటుందని చెప్పండి చాలు.

కారు బ్యాటరీ నుంచి వైరు లాగితే? లెక్కకు సరిపోతుంది, కానీ నేను వద్దంటాను. కారు బ్యాటరీ ఇంజన్‌ను ఒక్క ఊపున లేపడానికి చేసినది, మెల్లగా రాత్రంతా ఖాళీ చేయడానికి కాదు. పాతదైతే పొద్దున బండి లేవకపోవచ్చు. చాలా కార్లలో ఇంజన్ ఆపి తాళంచెవి తీయగానే లైటర్ సాకెట్ కూడా ఆగిపోతుంది. కారుని వాడుకోవాల్సింది పగలు. సోమశిల హైదరాబాద్ నుంచి 180 కిలోమీటర్ల దాకా ఉంటుంది, నాలుగు గంటల ప్రయాణం. ఆ నాలుగు గంటలూ డబ్బాని కారు సాకెట్‌కి తగిలిస్తే ఇంటి దగ్గర నింపడం మరిచిపోయినా చాలావరకు నిండిపోతుంది. బ్యాచ్‌లో ఎవరిదైనా వీ2ఎల్ (కారు బ్యాటరీ నుంచి బయటి పరికరాలకు కరెంటు ఇచ్చే) సదుపాయం ఉన్న ఎలక్ట్రిక్ కారు ఉంటే, 2023 తర్వాతి నెక్సాన్ ఈవీ కొన్ని వేరియంట్లలో అది ఉంది, అప్పుడు ఈ ఉత్తరమే అక్కర్లేదు. టెంటు దాకా కారు రాగలిగితే ఇంట్లో లాగే నీళ్లు వేడి చేసుకుంటూ పడుకోవచ్చు.

సోలార్ ప్యానెల్ గురించి మీరు అడగలేదు, షాపతను తప్పకుండా అడుగుతాడు. మడత పెట్టే 100 వాట్ల ప్యానెల్ మిట్టమధ్యాహ్నం ఎండలో 60, 70 వాట్లు ఇస్తుంది. ఎండకి ఎదురుగా తిప్పుకుంటూ ఉంటే మన డిసెంబరు ఎండలో రోజుకి 300 వాట్ అవర్ల దాకా రాబట్టొచ్చు. నాలుగైదు రాత్రులు ఉండేవాళ్లకి అది పనికొస్తుంది. రెండు రాత్రులకి అనవసరపు మోత.

ఇక హ్యుమిడిఫైయర్ లేకుండా పడుకోగలరా అన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు నా దగ్గర లేదు, మీ ముక్కు దగ్గర ఉంది. కొందరికి ఏమీ తెలియదు. కొందరికి తెల్లారేసరికి గొంతు ఎండిపోయి ముక్కు మూసుకుపోతుంది. అందుకే ఇప్పుడే ఇంట్లో మొదలుపెట్టండి. ముందు వేడి ట్యూబ్ ఆపేయండి, రెండు రోజుల తర్వాత హ్యుమిడిఫైయర్‌ని ఒక్కో అంకె తగ్గించుకుంటూ రండి. ఈ రెండూ మీ చేతిలో ఉన్న సెట్టింగులే. ప్రెషర్ మాత్రం డాక్టరు పెట్టింది, దాన్ని ముట్టుకోకండి. పూర్తిగా ఎండిపోతోందనిపిస్తే మధ్యేమార్గం ఒకటుంది. మెషీన్ నీళ్ల డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోసి హీటర్ ఆఫ్‌లోనే ఉంచండి. గాలి చల్లటి నీళ్ల మీదుగా పోతూ కొంచెం తేమ పట్టుకుంటుంది, అదనంగా కరెంటేమీ అక్కర్లేదు. పడుకునే ముందు ముక్కులో సెలైన్ స్ప్రే కొట్టుకుంటే ఇంకాస్త హాయి. అసలు నీళ్లే వద్దనుకుంటే ఎయిర్‌సెన్స్ 10కి నీళ్ల డబ్బా స్థానంలో పెట్టే ఒక మూత దొరుకుతుంది, బరువూ తగ్గుతుంది, మెషీన్‌లోకి నీళ్లు ఒలికే టెన్షనూ ఉండదు. నీళ్ల డబ్బాతోనే వెళ్తే మాత్రం కారెక్కే ముందు వంచేయండి. గతుకుల్లో ఆ నీళ్లు మోటారులోకి వెళ్తే ఏ బ్యాటరీ ఉన్నా లాభం లేదు.

మీ పల్మనాలజిస్టుకి ఒక్క ఫోన్ కొట్టి ఈ ప్లాన్ చెప్పండి. మీకు సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నా, రాత్రిపూట ఆక్సిజన్ కూడా పెట్టుకుంటున్నా, గుండె జబ్బు ఉన్నా పైన నేను చెప్పిన దాని మీద ఆధారపడకుండా ఆయన చెప్పినట్టే చేయండి.

ముక్కు అలవాటు పడ్డాక ఒక శనివారం రాత్రి ఇంట్లోనే రిహార్సల్ పెట్టండి. డబ్బా ఫుల్ ఛార్జ్ చేసి, డీసీ కేబుల్‌తో, హీటర్లు ఆపి, అచ్చం టెంటులో లాగే పడుకోండి. పొద్దున లేచి డబ్బా తెర మీద ఎంత శాతం మిగిలిందో చూడండి. సగానికి పైన ఉంటే రెండు రాత్రులకి ఢోకా లేదు. సగం కంటే కిందకి పోతే ముందు మాస్కు చూడండి. పక్కల నుంచి గాలి లీకైతే పోయిన గాలిని నింపడానికి మోటారు ఎక్కువ తిరుగుతుంది, కరెంటూ ఎక్కువ పోతుంది. పాత కుషన్ మార్చితే బ్యాటరీ పెరిగినట్టే. రిహార్సల్ రోజు మెషీన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సోమశిలలోనూ అంతే, నెట్‌వర్క్‌కి కలిపే లోపలి మోడెమ్‌కి అక్కడ పని లేదు.

సోమశిలలో మెషీన్‌ని నేల మీద పెట్టకండి. తెల్లవారుజామున నది మీద నుంచి వచ్చే మంచుకి టెంటు అడుగు చెమ్మగిల్లుతుంది, చీమలకేమో వెచ్చగా ఉన్న ప్రతి డబ్బా కావాలి. బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద, మీ తల కంటే కాస్త కిందుగా పెట్టండి. ట్యూబ్‌ని దుప్పటి లోపల నుంచి తీసుకుంటే దాంట్లో నీటిచుక్కలు చేరవు. వెనక ఫిల్టర్ కొత్తది వేసుకోండి. క్యాంప్‌ఫైర్‌కి గాలివాటున ఉన్న టెంటు మాత్రం ఎంచుకోకండి, పొగంతా ఫిల్టర్ దాటుకుని నేరుగా మీ ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. ఇంకో మాట, మంట చుట్టూ కూర్చున్నప్పుడు గ్లాసులు తిరుగుతాయి కదా. మందు గొంతు కండరాల్ని వదులు చేస్తుంది, ఆప్నియా ఉన్నవాడికి ఆ రాత్రి శ్వాస ఆగడం పెరుగుతుంది. నిద్రమాత్రలూ అంతే. మీ ఇష్టం, కానీ ఆ రెండు రాత్రులూ మజ్జిగతో కానిచ్చేస్తే మెషీన్‌కి పని తగ్గుతుంది.

ఎంత చేసినా నడిరాత్రి మెషీన్ ఆగిపోతే? ఊపిరాడక పోతారేమోనని భయపడక్కర్లేదు. మాస్కులో గాలి బయటకి పోయే చిల్లులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, ముక్కూ నోరూ కప్పే మాస్కులకైతే ప్రెషర్ పోగానే తెరుచుకునే వాల్వు కూడా ఉంటుంది. ఉక్కగా అనిపించి మామూలుగా మెలకువ వచ్చేస్తుంది. మాస్కు తీసేసి, వీపు వెనక బ్యాగు పెట్టుకుని పక్కకి తిరిగి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. అది చికిత్సకు సమానం కాదు, ఒక రాత్రి గడపడానికే. కానీ మర్నాడు స్టీరింగ్ మాత్రం మీరు పట్టుకోకండి. సరిగ్గా నిద్రపట్టని ఆప్నియా మనిషి పొద్దున్నే హైవే మీద కునుకు తీయడం చాలా తేలిక. వచ్చే ఏడాది మీ బ్యాచ్ నల్లమల లోపలికి, మన్ననూరు అవతలికి ప్లాన్ చేస్తే ఇంకోటి గుర్తుంచుకోండి. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలో బండ్లు వదలరు. బాగోలేకపోతే రాత్రికి రాత్రి వచ్చేద్దామంటే అక్కడ కుదరదు, కాబట్టి డబ్బాలో ఒక రాత్రికి అదనంగా కరెంటు ఉండాలి.

ఇక కొనేది. 300 వాట్ అవర్లకు దగ్గరగా, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఉన్నది తీసుకోండి. మూడు నాలుగు కిలోలు ఉంటుంది, పైన పిడి ఉంటుంది. వేడిని బాగా తట్టుకుంటుంది, అయినా ఎండలో మూసిన కారులో వదలకండి. సొంతంగా చేయించుకునే ఓపిక ఉంటే, కోఠి గుజరాతీ గల్లీలో 12.8 వోల్టుల 20 ఆంపియర్ అవర్ల బ్యాటరీ గురించి వాకబు చేయండి. లోపల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉన్నదే కావాలని అడగండి. ప్లస్ వైరు మీద బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు, మందపాటి రాగి వైరు, చివర ఒక లైటర్ సాకెట్ పెట్టించుకుంటే తక్కువ ఖర్చులో అదే పని జరుగుతుంది. అందులో ఆటో ఆఫ్ గొడవా ఉండదు. ఛార్జర్ మాత్రం ఆ రకం బ్యాటరీకి చేసిందే కొనండి, ఇంటి ఇన్వర్టర్ ఛార్జర్‌కి తగిలించకండి. ఈ డబ్బాని విమానంలో తీసుకెళ్లలేరు. అక్కడ 100 వాట్ అవర్ల దాకా మామూలుగా, 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతితో మాత్రమే, అదీ చేతి సామానులోనే రానిస్తారు. రైల్లో మాత్రం బెర్తు పక్క సాకెట్‌ని నమ్ముకునే బదులు ఇదే నయం.

అడ్వాన్సు ఇచ్చిన షాపుకి వెళ్లి ఆ 2 వేలు చిన్న డబ్బాకి మార్చమనండి. షాపులో ఉండగానే ఆన్ చేయించి, 12 వోల్టుల సాకెట్ ఉందా, ఆటో ఆఫ్ తీసేయొచ్చా అన్న రెండూ చూసుకోండి. డీసీ కన్వర్టర్ మాత్రం మామూలు షాపుల్లో స్టాకు ఉండదు, సీప్యాప్ అమ్మిన డీలరు దగ్గరే తెప్పించుకోవాలి. అది రావడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం కాబట్టి, డబ్బా కంటే ముందు మెషీన్ అడుగున ఉన్న మోడల్ నంబరు ఫొటో తీసి డీలరుకి పంపి దాన్ని ఆర్డర్ పెట్టండి.